ఉరిమితే వైరు పీకెయ్

పీకిన నెట్టు వైరు బేబి చేతిలోనే ఉంది. లాప్‌టాప్ తెరమీద ఇంటర్వ్యూ కమిటీ సభ్యులు ముగ్గురూ నోళ్ళు తెరిచి అలాగే ఆగిపోయారు.

పక్కనున్న గోదాములోంచి ఫల్గుణ వచ్చేసరికి మూడూ పన్నెండయింది. బేబి రెండుసార్లు కేకేసింది. ఉన్నది ఇరవై అడుగుల దూరం. ఎందుకో అతనికి కాళ్ళు సాగలేదు.

“బేగి సూడన్నా! ఉరిమింది. నువ్వు సెప్పినట్టే వైరు పీకీసినాను. వైఫై రానేదు.”

పీకక ఏం చేస్తుంది? మే నెల వచ్చిందంటే డుంబ్రిగుడ కొండల్లో మూడు దాటాక ఉరుము తప్పదు. పిడుగుకి టీవీ కాలిన ఇళ్ళు ఊరికి నాలుగైనా ఉంటాయి. ఇక్కడి పిల్లలకి అక్షరాలకన్నా ముందు ప్లగ్గు పీకడం వస్తుంది.

కాఫీ రైతుల సంఘం ఆఫీసులో నాలుగేళ్ళుగా కంప్యూటరు పని చూసేది ఫల్గుణే. ఆ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. వైరు పెడితే వైఫై ఆగాలి, వైరు తీస్తే వైఫై దానంతటదే రావాలి. అందుకు కంప్యూటరుకి నాలుగు లైన్ల ఆదేశాలతో ఓ చిన్న స్క్రిప్టు రాసిపెట్టింది అతనే. “ఉరిమితే వైరు పీకెయ్, మిగతాది అదే చూసుకుంటుంది” అని పొద్దున్న బేబికి ధైర్యం చెప్పిందీ అతనే.

అది చూసుకోలేదు. లినక్స్ ముఖం బేబి చూడటం ఆ రోజే మొదలు. ఏది నొక్కాలో తెలియలేదు. ఫోనులో మాట్లాడదామంటే సిగ్నల్ కోసం ఎదురు గుట్ట ఎక్కాలి.

ఇంటర్వ్యూ సంఘం మేనేజరు ఉద్యోగానికి. బేబికి వయసు పరిమితి ఈ ఏడాదితో సరి. ఇది పోతే మళ్ళీ దరఖాస్తు పెట్టే వీల్లేదు. ఆ సంగతి తల్లి సోములమ్మకీ తెలుసు. పొలం పని మానుకుని వెంట వచ్చి, గుమ్మం దగ్గర కూర్చుంది.

ఫల్గుణ స్క్రిప్టు తెరిచాడు. వైఫైని ఆపే లైను బాగానే ఉంది. తిరిగి తెచ్చే లైను ముందు మాత్రం ఒక # గుర్తు ఉంది. అది ఉంటే ఆ లైనుని కంప్యూటరు చదవదు. గుర్తు చెరిపేశాడు. సేవ్ చేసి, వైరు పెట్టి తీశాడు. వైఫై బుద్ధిగా వచ్చేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? తెరమీద కమిటీ కదిలేసరికి మూడూ ఇరవై నాలుగు.

“సార్, రెండు ప్రశ్నలైనా అడగండి సార్,” అంది బేబి.

“సారీ అమ్మా. మీ టైము మూడూ ఇరవైతో అయిపోయింది. ఇదే లింకులో మూడున్నరకి ఈ ఉద్యోగానికే ఇంకొకరున్నారు. రూలు ఎవరికైనా ఒకటే.”

వాళ్ళు కాగితాలు సర్దుకోవడంలో పడ్డారు. ఫల్గుణ తమ వైపు మైకు ఆపేశాడు.

“తప్పు నాదే బేబీ. ఆ గుర్తు పెట్టింది నేనే.”

“ఊరుకో అన్నా. ఏదో టెస్టింగు సేసి మర్సిపోయుంటావు. సొంత సెల్లికి సేసినట్టు పొద్దున్నించీ సేసినావు.”

“అది కాదు...” అన్నాడు ఫల్గుణ.

సోములమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“తగువులో తప్పు ఒప్పుకున్నోడికి మన ఊల్లో ముందు నీల్లిత్తారు నాయినా. తాగు. ఉరిమితే నువ్వేటి సేత్తావు?”

ఒక్క గుక్క కూడా దిగలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తనని తిట్టినా బాగుండేదనిపించింది. భూమి చీలి మింగేస్తే ఇంకా బాగుండేదనిపించింది.

అతన్ని చూసి బేబి తన ఏడుపు ఆపుకుంది. చున్నీతో ముఖం తుడుచుకుని, లేచి తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టింది.

“మూడున్నరకొచ్చీవోళ్ళకైనా నెట్టు ఆగిపోకుండా సూడన్నా. పాపం, ఆళ్ళూ ఆశతోనే వత్తారు.”

సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని తల్లీకూతుళ్ళు ఇంకా గుమ్మం దాటలేదు.

“ఫల్గుణ గారూ, మూడున్నరయింది, మీ ఇంటర్వ్యూ మొదలుపెడదామా?” అన్నాడు తెరమీంచి కమిటీ పెద్ద.