బంద్ రోజు ఇడ్లీలు

షటర్ ధడాలున కిందికి దిగింది. లోపల రమణమ్మ, ఆమె మొగుడు భూషణం, పొయ్యి మీద ఇడ్లీ గిన్నె. చీకటి, ఉక్క, ఆవిరి.

"ఓరి మీ దుంపతెగ! తియ్యండ్రా!" అంటూ రమణమ్మ లోపలినుంచి షటర్‌ని దబదబా బాదింది.

"బంద్ అంటే బంద్, ఆంటీ," అన్నాడు బయటినుంచి ఎవడో.

ఆ ఊళ్ళో బంద్‌లు కొత్తేం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో దంతెవాడ నుంచి కిరండూల్ పోయే దారిలో, ఒక కాలేజీ చుట్టూ పెరిగిన చిన్న ఊరు. రోడ్డు బాగాలేదంటే బంద్. కరెంటు పోయిందంటే బంద్. నాయకుడి పుట్టినరోజున పక్క పార్టీవాడు నమస్తే పెట్టలేదన్నా బందే. కొట్లవాళ్ళు కూడా దానికో పద్ధతి కనిపెట్టుకున్నారు. షటర్ సగం దించి, వంగి లోపలికొచ్చిన వాడికి అమ్ముకుంటారు. పార్టీ కుర్రాళ్ళు చూసీ చూడనట్టు పోతారు. వాళ్ళకీ టీ కావాలి కదా మరి!

రమణమ్మ అలా ఎన్ని బంద్‌లు గట్టెక్కలేదు! ఈసారి మాత్రం సగం షటర్ కూడా కుదరదన్నారు. అందరికంటే ముందు ఆమె కొట్టు మీదికే వచ్చారు.

ఇవాళే రావాలా ఈ దరిద్రం! కాలేజీకి పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వచ్చారు. వాళ్ళకి టిఫిన్ రమణమ్మే పంపాలి. "వాళ్ళు మెచ్చుకుంటే క్యాంటీన్ నీదే అమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్. క్యాంటీన్ అంటే మాటలా? నెత్తిన స్లాబు, పక్కనే కుళాయి, ముందర గేటు. ఏ జెండావాడూ వచ్చి ఇది తియ్, అది మూయ్ అనలేని చోటు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన నాటినుంచీ ఆమె బతుకు రోడ్డు పక్కనే తెల్లారుతోంది. ఒక్కసారి ఆ గేటు దాటి లోపలికి పోతే చాలు, ఇంక ఎవడికీ దండం పెట్టక్కర్లేదని ఆమె ఆశ. అందుకే మేలురకం మినప్పప్పు తెప్పించి రుబ్బింది. ఇడ్లీలు చక్కగా పొంగాయి కూడా.

"పెరటి తలుపు తియ్యే, నేను మోసుకెళ్తాను," అన్నాడు భూషణం. రైలు పట్టాల పని చేసి చేసి నడుం పడిపోయిన మనిషి. రోషానికి మాత్రం లోటు లేదు.

తలుపు తీస్తే గడప మీదే ఇద్దరు జెండాలు పట్టుకుని కూచున్నారు. "లోపలికి పోండమ్మా. మీ కొట్లోంచి ఒక్క ప్లేటు కూడా బయటికి రాకూడదని భయ్యా ఆర్డరు."

రమణమ్మకి ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "పిలవండి ఆ భయ్యాని!"

భయ్యా వచ్చాడు. పేరు సురేష్‌బాబు. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవాడే, ఆమె ఇడ్లీలు తినే ఆ కాలేజీలో చదివినవాడే. ఇప్పుడు మెడలో పార్టీ కండువా. వచ్చే ఎన్నికల్లో టికెట్టు మీద కన్నేసి తిరుగుతున్నాడు.

"ఏటి బాబూ ఇది? కాసేపు ఒగ్గీ. గిన్నెలు రోడ్డు దాటించి వచ్చేస్తాను. ఆనక నీ ఇష్టం, తాళమేసుకో."

"ఎలా ఒగ్గుతాం పిన్నీ? ఊరంతా ముయ్యించి నీ కొట్టు తెరిపిస్తే జనం మా మొహాన ఉమ్మరా? ఇంకెవరైనా తీశారంటే ఏదో అనుకోవచ్చు. నువ్వా?"

"బంద్ చెయ్యమని నేను నిన్నడిగానేటి?"

"ఇలాంటివి అడిగితేనే చేస్తామేటి? మా బాధ్యత పిన్నీ." సురేష్‌బాబు గొంతు గద్గదమైంది. "అంతమంది కుర్రాళ్ళు చౌరస్తాలో మంచినీళ్ళయినా ముట్టకుండా ఎండలో కూచున్నారు. నువ్వేమో ఇడ్లీలు పంపుకుంటానంటున్నావు. సిగ్గనిపించట్లేదూ నీకు?"

భూషణం ఊరుకోలేదు. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం! అవతలోళ్ళొస్తే వాళ్ళ మాట వినాల, మీరొస్తే మీ మాట వినాల. మా మాట వినే నాథుడేడీ?" అని అరిచాడు. సురేష్‌బాబు అప్పటికే వెళ్ళిపోయాడు.

ఇంతలో ఫోన్ మోగింది. కాలేజీ గుమాస్తా నంద.

"అమ్మా, సాబ్ వాళ్ళు ఎంతసేపని చూస్తారు? బిస్కెట్లు పెట్టేసినం. ఇంక క్యాంటీన్ సంగతి మరిచిపో. ఒక్కరోజు టిఫిన్ పంపలేని మనిషికి ఏడాది పొడుగునా ఎట్లా అప్పజెప్తాం అంటున్నడు ప్రిన్సిపాల్ సాబ్."

"నా తప్పేటుంది నందా..." అంటుండగానే అవతల పెట్టేశాడు.

రమణమ్మ ఇడ్లీ గిన్నె ముందు చతికిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. భూషణం ఆమె పక్కన కూచుని వీపు నిమురుతూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి షటర్ లేచింది. ఎదురుగా సురేష్‌బాబు.

"రా పిన్నీ, చౌరస్తాకి పోదాం. మొహం కడుక్కో." అంతలోనే ఏదో తోచి ఆగాడు. "వద్దులే, ఇలాగే రా. ఇదే బాగుంది."

రానంటే వింటారా? ఇద్దరు జెండా కుర్రాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని నడిపించారు. ఎదురు జెరాక్స్ కొట్టు ధీరజ్ తన మూసిన షటర్ ముందు నిలబడి ఆమెను కొరకొరా చూశాడు. పక్కన చెప్పుల కొట్టాయన కూడా అంతే. రమణమ్మ తల దించుకుంది.

చౌరస్తాలో జనం ముందు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టారు. మెడలో బంతిపూల దండ వేశారు. సురేష్‌బాబు మైకు అందుకుని గొంతు చించుకున్నాడు.

"మొన్న ఈ తల్లి కొట్టుని గంటసేపు బలవంతంగా మూయించిన అవతలి పార్టీవాళ్ళు ఈమె కాళ్ళు పట్టుకుని క్షమాపణ చెప్పేదాకా మన బంద్ ఆగదు!"