తొమ్మిదో మంచం సూది

"నాకు పొద్దున్నే అయిపోయిందమ్మాయ్. ఆ కండక్టరుకి పొడు."

తొమ్మిదో మంచం పెద్దాయన చొక్కా కిందికి లాక్కుని గోడవైపు తిరిగాడు.

సాయంత్రం నర్సు ఊపిరి పీల్చుకుంది. ట్రేలో మిగిలింది ఒకటే సూది. పదో మంచం మీది బస్సు కండక్టరు నిన్ననే చేరాడు. మందుల లిస్టులో అతని పేరింకా ఎక్కలేదు.

కరోనా ఊపిరితిత్తులతో ఆగదు, నెత్తుటినీ గడ్డకట్టిస్తుంది. ఆ గడ్డ వెళ్ళి ఎక్కడైనా అడ్డం పడితే కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోతాడు. అందుకే నెత్తురు పలచబడడానికి ప్రతి ఒక్కరికీ రోజుకో సూది, పొట్ట మీద; పొద్దున పడనివాళ్ళకు సాయంత్రం.

కండక్టరు పొట్ట బిగబట్టాడు.

"టిక్కెట్లకి నేను పెట్టిన చిల్లులన్నీ నాకే తిరిగొస్తున్నాయి సిస్టర్."

"నోరు మూసుకుని నీ స్టాపు వచ్చేదాకా కూర్చో" అన్నాడు పెద్దాయన, గోడకేసి చూస్తూనే.

ఆ వార్డులోకి కాగితం రాకూడదు. ఒళ్ళంతా కప్పిన సూటులో ఆరు గంటలు ఉడికి, బయటికొచ్చి స్నానం చేశాకే రాసుకోవాలి. పొద్దుటి నర్సుకో పుస్తకం, సాయంత్రం నర్సుకో పుస్తకం. రెండూ కలిపి చూసే తీరిక ఎవరికీ లేదు. సూది పడిందో లేదో పేషెంటునే అడగడం అలవాటైపోయింది.

తర్వాతి రెండు రోజులూ పెద్దాయనది అదే మాట. రెండు రోజులూ ఆమె చేతిలో ఒక సూది మిగిలింది, కండక్టరుకు సరిపోయింది. అతని పేరు ఎందుకు ఎక్కించలేదని ఆమె ఎవరినీ గట్టిగా అడగలేదు. గడిచిపోతోంది కదా అనుకుంది.

నాలుగో రోజు సాయంత్రం పెద్దాయన మంచం దిగి రెండడుగులు వేశాడు. ఛాతీ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

డాక్టరూ నర్సూ చేయగలిగిందంతా చేశారు. మనిషి దక్కలేదు.

"గడ్డ అడ్డం పడ్డట్టుంది. సూది రోజూ పడుతోందా?" అన్నాడు డాక్టరు.

"పడుతోంది సార్. పొద్దుటి సిస్టర్ ఇస్తోంది."

సూటు విప్పి బయటికొచ్చాక పొద్దుటి నర్సుకు ఫోన్ చేసింది. పెద్దాయన సూది సంగతి అడిగింది.

"నేనెక్కడిచ్చానక్కా? సాయంత్రం సిస్టర్ చెయ్యి తేలిక, ఆవిడే ఇస్తుందిలే అనేవాడు పెద్దాయన."

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసింది. తొమ్మిదో మంచానికెదురుగా నాలుగు రోజులూ, రెండిట్లోనూ ఖాళీ.

రెండు పుస్తకాలూ మూసేసింది.

సూదంటే భయపడి ఉంటాడు. అలా అనుకుంటేనైనా మనసు నిలబడుతుందేమో.

ఇంటికి కబురు చెప్పాల్సిందీ ఆమే. పెద్దాయన కూతురు ఫోన్లో ఏడ్చి ఏడ్చి ఆగింది. అప్పుడు నర్సు అడగలేక అడిగింది.

"మీ నాన్నగారికి సూదంటే భయమా అమ్మా? ఆ మందెందుకో తెలియక తప్పించుకున్నారేమో..."

"తెలియకపోవడమేంటి సిస్టర్?" అంది కూతురు. "రిటైరయ్యేదాకా ముప్పై రెండేళ్ళు మీ ఆసుపత్రి మందుల గదిలో కూర్చుని, ఏ వార్డుకెన్ని సూదులో లెక్కగట్టి పంపింది నాన్నే."