ఎవరికి ఎవరు అడ్డు

మా గుడిలో అందరూ సత్ప్రసాదానికి లేచినప్పుడు ఫెలిస్టా మాత్రం బల్ల మీదే ఉండిపోయేది. పొన్సియానోతో ఆమె పెళ్లి పెద్దల ముందు జరిగింది గాని గుడిలో జరగలేదు. ఆరుగురు పిల్లలకూ జ్ఞానస్నానాలయ్యాయి. తల్లి నాలుక మీద మాత్రం అప్పం పడలేదు.

“గుడిలో పెళ్లంటే ఎద్దును కొయ్యొద్దూ? ఊరంతటికీ అరటికాయల మటోకే వండొద్దూ? ఇప్పుడేం తొందరొచ్చిందే నీకు?” అని ఏటా తప్పించుకునేవాడు పొన్సియానో.

ఆ ఆదివారం ఉపదేశి పెళ్లి ప్రకటనలు చదువుతుంటే పొన్సియానో పేరు వినపడింది. “నాకు మాటమాత్రమైనా చెప్పలేదు, దొంగ సచ్చినోడు!” అంటూ ఫెలిస్టా సంబరంగా పక్కనే ఉన్న నా చెయ్యి గిల్లింది.

తర్వాత చదివిన పేరు ఆమెది కాదు. పట్నంలో టీచరమ్మ ఎవరో.

“ఈ పెళ్లికి అడ్డేదైనా తెలిస్తే చెప్పండి,” అన్నాడు ఉపదేశి.

పూజ ముగియగానే ఫెలిస్టా పరుగున వెళ్లి ఫాదర్‌ను ఆపింది. “నేనున్నాగా ఫాదర్, అడ్డు!”

“గుడి లెక్కలో నువ్వతని భార్యవి కావమ్మా.”

“మరి ఇన్నేళ్లూ నాకు సత్ప్రసాదమెందుకు పెట్టలేదు?”

“అతనితో కాపురం చేస్తున్నావు గనక.” ఫాదర్ నేల చూపులు చూశాడు. “విడిపోయాక, నా దగ్గర పాపాలొప్పుకుని పాపసంకీర్తనం చేసుకుంటే నీకే అడ్డూ ఉండదు.”

పెళ్లికి ఫెలిస్టా మేపిన ఎద్దునే కోశారు. ఆమె పాపసంకీర్తనం ముగించుకుని, తన పెళ్లికని దాచుకున్న పట్టు గోమెసి గౌను వేసుకుని వచ్చి, సత్ప్రసాదానికి వధూవరుల వెనకే వరుసలో నిలబడింది.

“క్రీస్తు శరీరం,” అన్నాడు ఫాదర్ అప్పం ఎత్తి.

జవాబుగా ఆమెన్ అనాలి. ఫెలిస్టా అనలేదు.

“ఇప్పుడు అడ్డు లేదుగా ఫాదర్. పెట్టండి,” అని నోరు తెరిచింది.