అట్ట మీద పేరు

“మళ్ళీ వచ్చారా తాతగారూ!” నెవెంకా తల పట్టుకుంది.

గుమ్మంలో ముసలి వుకాషిన్. కోటు మీది మంచు దులుపుకుని, చంకలోని బొమ్మల కట్ట ఆమె బల్ల మీద పెట్టాడు.

“కొత్తవి గీశానమ్మాయ్. ఒక్కసారి చూడు.”

నెవెంకాకి చూసే తీరికెక్కడిది? నీష్ పట్నంలోని ఆ పాత ప్రచురణ సంస్థలో బొమ్మల పనంతా ఆమెదే. ఒకప్పుడు వాళ్ళు అచ్చేసిన కౌబాయ్ నవలలంటే దేశమంతా పడిచచ్చేది. వాటికి అట్టబొమ్మలు వేసిన అమెరికా చిత్రకారుడు రాయ్ గార్నెట్ అంటే ఇప్పటికీ జనానికి పిచ్చి. ఆయన అసలు బొమ్మలు సంపాదించి పెద్ద పుస్తకం వేస్తేనే సంస్థ నిలిచేది. లేకపోతే ఈస్టర్‌కల్లా తాళం వేసేస్తానని యజమాని మిలుతిన్ తెగేసి చెప్పాడు. అమెరికాలో ఎంతమందిని అడిగినా గార్నెట్ జాడ లేదు.

పై బొమ్మ ఒక్కటి చూసింది నెవెంకా.

“గీత వణుకుతోంది తాతగారూ.”

“వణకదూ మరి! ఫొటోలొచ్చాయి, చేతిబొమ్మ వద్దన్నారు. కంప్యూటరొచ్చింది, మనిషే వద్దన్నారు. ఇప్పుడు మళ్ళీ చేతిబొమ్మే ముద్దంటున్నారట కదా?”

“అంటున్నారు. కానీ గార్నెట్ బొమ్మే కావాలంటున్నారు. ఆ గోడ మీది ఆయన అట్టబొమ్మ చూడండి, గీతంటే అదీ!”

ముసలాయన గోడకేసి చాలాసేపు చూశాడు.

“పాపం, ఆ రోజు వాడికి తిండి దొరికిందో లేదో.”

“భలేవారే! అమెరికావాడికి తిండికేం లోటు? మహారాజులా బతికుంటాడు.”

“సరే, ఆ బొమ్మలు దొరికితే ఏం చేస్తారమ్మాయ్?”

“బంగారు అక్షరాలతో ఆయన పేరు అట్ట మీద వేస్తాం.”

“గార్నెట్ అనేనా?”

“కాకపోతే మీ పేరు వేస్తామా?”

నోరు జారింది. వుకాషిన్ మొహం చిన్నబోయింది. కట్టకి తాడు ముడేసుకున్నాడు.

“చచ్చేలోగా ఒక్క పుస్తకం మీదైనా నా పేరు చూసుకుందామని. అంతేనమ్మా.”

“ఈ వయసులో పేరు పిచ్చేమిటయ్యా!” లోపలి గదిలోంచి మిలుతిన్ నవ్వాడు.

నెవెంకా కూడా నవ్వింది.

ఆ ఏడు చలి ఎముకలు కొరికేసింది. వేరే దారి లేక కంప్యూటర్‌తోనే గార్నెట్ తరహా బొమ్మలు వేయించారు. చూసినవాళ్ళంతా ఛీ కొట్టారు.

“ఆ ముసలాయన్ని పిలుచుకురా నెవెంకా. చెయ్యి వణికితే వణికింది, గార్నెట్‌ని చూసి దింపుతాడేమో,” అన్నాడు మిలుతిన్ నీరసంగా.

నెవెంకా వెళ్ళేసరికి వుకాషిన్ తలుపు మీద నల్ల అంచు చావు కాగితం అంటించి ఉంది.

పక్కింటి స్తానా ఆమెని లోపలికి పిలిచింది. పోయినవాళ్ళ పేరున పెట్టే ఉడికించిన తీపి గోధుమలు చెంచా వేసి ఇచ్చింది.

“పొయ్యిలోకి కట్టెలైపోయాయమ్మా. మా ఇంట్లోంచి తెచ్చుకోవయ్యా అంటే వింటేనా! మీ ఆఫీసుకి ఆఖరిసారి వెళ్ళొచ్చిన రోజు నుంచీ పాత బొమ్మలు పొయ్యిలో పెట్టడం మొదలెట్టాడు. పెట్టెలకి పెట్టెలు తగలేశాడు.”

“ఏం బొమ్మలవి?”

“గుర్రాలూ, టోపీల మగాళ్ళూ, తుపాకులూ. ఎంత బాగున్నాయనుకున్నావ్! చెయ్యి పట్టుకుని ఆపబోయాను. ‘వదిలెయ్ స్తానా, ఇవి నావి కావుట’ అన్నాడు.”

నెవెంకా చెంచా కింద పెట్టేసింది.

“మరి ఎవరివట?”

“నేనూ అదే అడిగాను తల్లీ. ప్రాణం పోయే ముందు గానీ నోరు విప్పలేదు. మనవాళ్ళకి పొరుగింటి పుల్లకూరే రుచి కదా, మనూరివాడు గీశాడంటే ఎవడు కొంటాడని, ఎక్కడా చెప్పకూడదని ఇలవేల్పు పండగ కొవ్వొత్తి మీద ఒట్టు వేయించుకుని మరీ, మీ మిలుతిన్ వాళ్ళ నాన్నే ఈయన బొమ్మలన్నిటి కిందా గార్నెట్ అని రాయించాడట.”