తోలు మెత్తబడేదాకా

ఆబిడ్స్‌లో కొన్న కొత్త తోలు బూట్లు తొడుక్కుని, లోపల రెండు జతల సాక్సులతో, డాడీ నాంపల్లి స్టేషన్ దాకా నడిచి కుంటుతూ తిరిగొచ్చారు. వారం రోజులుగా ఇదే పని.

“శనివారం నా పెళ్ళిల, చర్చిలో నన్ను చెయ్యి పట్టి నడిపించాలె డాడీ. గిట్ల కుంటితే నేనే నిన్ను నడిపించాలె!”

“ఇవి నావి కావు బిడ్డా, నీ పెళ్ళికొడుకువి. మా ఇద్దరిదీ ఒకటే సైజు. జర మెత్తబడినంక జెస్విన్‌కు ఇస్తా.”

“అల్లుడంటే అంత ప్రేమనా?”

“నువ్వంటే. నా పెళ్ళినాడు కొత్త బూట్లు కరిచినయి. ఒక్క ఫోటోల నవ్వలే. తను నచ్చలేదేమోనని మీ మమ్మీ ఇప్పటికీ అడుగుతది. నీకు గా ఫికర్ వద్దు.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ముప్పై ఏళ్ళ తర్వాత జవాబు విన్న మమ్మీ కళ్ళు తుడుచుకుంటోందేమో అనుకున్నాను.

ఆమె గుమ్మంలోకి వచ్చి, డాడీని తేరిపార చూసింది.

“ఔ, గా రోజు బూట్లు కరిచినయి. మరి తర్వాత ఇంట్ల దిగిన ఫోటోలన్నీ ఉత్త కాళ్ళతోనే గదా! గప్పుడెందుకు నవ్వలే మీరు?”