మంద ఉన్నన్నాళ్లే కిరాయి

"మిషన్ ఏడుంది బిడ్డా? జర చూపిస్తవా?"

శైలజ తలెత్తింది. గుమ్మంలో, గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన.

"ఏ మిషన్ తాతా?"

"గొర్ల మందల లెక్క చూసే మిషన్."

శైలజకు నవ్వొచ్చింది. వెంటనే చిరాకూ వచ్చింది. మహబూబ్‌నగర్‌లోని ఆ చిన్న క్లౌడ్ కంపెనీ, హైదరాబాద్‌లో పెట్టిన తన కంప్యూటర్లను ఊరూరి వాళ్లకు కిరాయికిస్తుంది. ఆ ఒప్పందాలు చూసుకోవడం ఆమె పని.

"అది ఇక్కడుండదు, హైదరాబాద్‌ల ఉంటది. ఆ గొంగడి బయటపెట్టి కూర్చో."

ఆయన గొంగడి బయటపెట్టి వచ్చి, కుర్చీ వదిలేసి నేల మీద కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు.

ఇంతలో ఫోను. జడ్చర్ల గొర్ల పెంపకందార్ల సంఘం కార్యదర్శి దామోదర్.

"మేడం, రేపటితోని ఒప్పందం అయిపోతది. కిరాయి సగం చేస్తరా, మానుకోమంటరా?"

"సగమంటే మా కంపెనీ మునుగుతది సార్!"

"ఇప్పుడు మేం మునుగుతున్నం. రేపు చెప్పుండ్రి."

గొర్లు రాత్రి పడుకున్న పొలానికి మంచి ఎరువు. ఏ రాత్రి ఎవరి మంద ఏ రైతు పొలంలో పడుకోవాలో ఆ సంఘం యాప్‌లోనే కుదురుతుంది. ఆ యాప్ నడిచేది ఈ కంపెనీ కంప్యూటర్ల మీదే; కంపెనీకి పెద్ద ఖాతా అదొక్కటే. తెగితే ఆఫీసుకు తాళం, శైలజతో సహా ఆరుగురు రోడ్డున పడతారు. తగ్గిస్తే నష్టానికి నడపాలి. ఆమె పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

"కిరాయి ఎన్ని నెలలకు బిడ్డా?" అన్నాడు ముసలాయన.

"పన్నెండు నెలలకు. అందరికీ అంతే తాతా."

"వానకాలం పంటలు నిలబడ్డంక మంద ఎవడు పెట్టించుకుంటడు? గప్పుడు కిరాయెందుకు?"

శైలజ చేతిలో పెన్ను ఆగింది. నిజమే, జూన్ నుంచి నవంబరు దాకా ఆ యాప్‌ను ముట్టుకునేవాళ్లే ఉండరు. లెక్కలు రోజూ చూసేది ఆమే. అయినా ఆ సంగతి కంటికి ఆనలేదు.

"ఆ ఆరు నెలలు మా కంప్యూటర్లు ఖాళీగుంటే మేమెట్ల బతకాలె?"

"ఖాళీగెందుకు పెడ్తవు? ఒక చెల్కల పనైపోతె మంద ఇంకో చెల్కకు పోదా? వానకాలం ఎవలికి పనుంటదో గాళ్లకియ్యి."

విత్తనాల వ్యాపారులు! తొలకరి పడితే వాళ్లకు ఊపిరాడదు. పోయినేడు వచ్చి అడిగితే, ఖాళీ లేదని ఆమే పంపించేసింది.

"ఇంకోటి బిడ్డా. శివరాత్రికే మాటిచ్చిన రైతు కాడ మేం తక్కువ తీస్కుంటం. మందకు తొవ్వ ముందుగాల్నే తెలుస్తది గద. సంఘపోళ్లను మూడేండ్లకు మాటియ్యమను, ఇంకింత తగ్గియ్యి."

ఆమె ఒక్కో మాటా కాగితం మీద పెట్టి లెక్క చూసింది. సంఘం కిరాయి సగానికన్నా కిందికి దిగింది. కంపెనీ లాభం తగ్గకపోగా కాస్త పెరిగింది. ఇంత చదువు చదివి తాను మూడు వారాలుగా తల బద్దలు కొట్టుకుంటున్న చిక్కును, ఈయన నేల మీద కూర్చునే విప్పేశాడు.

"నీకెందుకు తాతా ఇంత ఫికర్?"

"మిషన్ ఉండాలె బిడ్డా. మనిషి తలకాయల ఉన్న లెక్క మనిషితోనే పోతది."

చాయ్ తెప్పిద్దామని లోపలికెళ్లి వచ్చేసరికి ఆయన లేడు.

మర్నాడు దామోదర్ వచ్చి, చదువుకుని, సంబరంగా సంతకం చేశాడు. శైలజ ఉండబట్టలేక ముసలాయన సంగతి చెప్పింది. ఆనవాళ్లు వింటూనే దామోదర్ ముఖం మారిపోయింది.

"బీరన్ననా! యాప్ రాకముందు ముప్పై ఏండ్లు, మూడు మండలాల మందలు గాయన నోటిమాట మీదనే నడిచినయి మేడం. పని పోయినంక కూలికి మంది గొర్లు కాస్తండు."

"ఎక్కడుంటడు? నేనే పోయి దండం పెట్టొస్తా."

"ఇగ యాడ దొరుకుతడు? పొద్దుగాల్నే మంద తోలుకొని కృష్ణానది అవతలికని బయలెల్లిండు."

దామోదర్ ఆ ఒప్పందాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"మీతోని తెగిపోతె 'మందల లెక్క మళ్ల నువ్వే చూస్కోవాలె, జీతమిస్తం' అని మొన్ననే గాయనకు మాటిచ్చినం మేడం."