బ్రేకు నొక్కితే పాట

బ్రేకు నొక్కితే పాట వస్తోంది. వదిలేస్తే ఆగిపోతోంది.

కారు నడుపుతున్నవాడు పెళ్లికొడుకు. పక్కన కూర్చున్నది వాళ్ల బాబాయి. పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి. కొత్త పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పాటలు వింటూ ఊరంతా తిరగాలని పెళ్లికొడుకు ముచ్చటపడ్డాడు. నిన్న తనే స్వయంగా స్టీరియో బిగించాడు. ఇప్పుడు ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆ స్టీరియో ఒక్క ముక్క పాడి నోరు మూసుకుంటోంది.

"పాట బాగుందిరా! కాస్త బ్రేకు మీంచి కాలు తీయకు," అన్నాడు బాబాయి.

సిగ్నల్ దగ్గర ఒక చరణం పూర్తిగా వినిపించింది. పక్కన స్కూటరాయన తల కూడా ఊపాడు. పచ్చ లైటు పడింది. పెళ్లికొడుకు హుషారుగా హారన్ కొట్టాడు. డాష్‌బోర్డు కింద టప్పుమంది. పాట పోయింది, హారన్ పోయింది, ఇంజనూ పోయింది.

ఇద్దరూ దిగి కారును ఓ పక్కకు తోశారు. కొత్త బట్టలు చెమటతో తడిసిపోయాయి.

"టాక్సీ ఎక్కుదాం పద," అన్నాడు బాబాయి.

"కారిక్కడ వదిలేస్తే లాక్కుపోతారు బాబాయ్. నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉన్నారు. ఈ పక్క వీధే. పిలిస్తే కాదనరు."

పెళ్లికొడుకు ఫోను పట్టుకుని దూరంగా వెళ్లాడు. చాలాసేపు బతిమాలాడు. నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

ఎలక్ట్రీషియన్ గారు స్కూటరు మీద రయ్యిన వచ్చారు. తలకు గుడ్డ, మెడదాకా నీలం ఓవరాలు, చేతులకు తొడుగులు. సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి మరీ డాష్‌బోర్డు కింద తల దూర్చారు. ఇంత శుభ్రం పాటించే ఎలక్ట్రీషియన్‌ని బాబాయి ఎన్నడూ చూడలేదు.

"ఈ వైరింగు చేసిన మహానుభావులెవరో!"

"నేనే," అన్నాడు పెళ్లికొడుకు.

"ఎర్ర వైరును తీసుకెళ్లి బ్రేకు లైటుకు కలుపుతారా ఎవరైనా? పసుపు వైరుకు చుట్టిన టేపు ఊడి బాడీకి తగిలింది. అందుకే మెయిన్ ఫ్యూజు ఎగిరిపోయింది. ఎర్త్ వైరేమో పెయింటు మీద బిగించారు. పెయింటు గోకి ఇనుముకు బిగించాలని తెలీదా?"

"వీడియోలో అలా..."

"ఇంకోసారి వైర్ల జోలికి వెళ్తే వేళ్లు విరిచేస్తాను."

"వెళ్లను, ఒట్టు."

బాబాయికి ఆ తిట్లు బాగానే నచ్చాయి. కానీ చూపు మాత్రం వాచీ మీదే ఉంది. పెళ్లికొడుకును వేళకు తీసుకొచ్చే బాధ్యత ఆయనకే అప్పగించారు మరి.

"మిమ్మల్ని తొందరపెట్టడం కాదు గానీ, ఎలక్ట్రీషియన్ గారూ..." అవసరం తనదైతే బాబాయి ఎవరికైనా 'గారు' తగిలిస్తాడు. "వీడు ఆలస్యానికి పెట్టింది పేరు. పెళ్లికూతురు వాళ్లు భోజనానికి పిలిస్తే, వాళ్లు గిన్నెలు కడుక్కున్నాక వెళ్లాడట. అప్పుడే ఆ అమ్మాయి తేల్చి చెప్పేసిందట, పెళ్లికి ఒక్క నిమిషం ఆలస్యమైనా పెళ్లీ లేదు, గిళ్లీ లేదని."

"అంత మాట అందా?"

"అనే రకమేనట. నేనింకా చూడలేదు, పొద్దున్నే రైలు దిగాను. పిల్ల కాస్త గయ్యాళి అని మా ఆవిడ చెప్పింది."

డాష్‌బోర్డు కింద ఠంగుమంది. అది ఎలక్ట్రీషియన్ గారి తల.

"మీ ఆవిడగారు ఇప్పుడెక్కడున్నారండీ?"

"రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరే. ఏం?"

"ఏం లేదు. ఒకసారి కలుద్దామని."

పెళ్లికొడుకు బానెట్ మీద వాలిపోయి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. బాబాయికి ఒళ్లు మండింది.

"నవ్వెలా వస్తోందిరా నీకు? అవతల ఆ పిల్ల వాచీ చూసుకుంటూ కూర్చుని ఉంటుంది!"

"కూర్చునే తీరిక ఉండదులే బాబాయ్," అన్నాడు పెళ్లికొడుకు కళ్లు తుడుచుకుంటూ.

"కంగారు పడకండి," అన్నారు ఎలక్ట్రీషియన్ గారు లోపల్నించి. "నాకూ పనుంది. మీరు కదిలితేనే నేనూ కదిలేది."

టెస్ట్ ల్యాంప్ ఒక్కో వైరు మీదా వెలిగి ఆరింది. ఎర్ర వైరు చోటు మారింది. పెయింటు గోకుడు పూర్తయింది. పసుపు వైరుకు కొత్త టేపు, పెట్టెలో కొత్త ఫ్యూజు పడ్డాయి.

"తాళం తిప్పండి."

పెళ్లికొడుకు తిప్పాడు. ఇంజను గుర్రుమంది. బ్రేకు ముట్టుకోకుండానే పాట అందుకుంది. బాబాయి నడిరోడ్డు మీద రెండు గంతులేశాడు. వాచీ చూసుకుని ఇంకో గంతు వేశాడు. ఇంకా పావుగంట ఉంది!

"మీరు మా పాలిట దైవం, ఎలక్ట్రీషియన్ గారూ! స్కూటరు ఇక్కడే పెట్టేసి మా కారెక్కండి. మీరు రాకపోతే ఈ పెళ్లి జరగనివ్వను!"

"నేను రాకపోతే ఎలాగూ జరగదు చిన్నమామయ్యగారూ," అంటూ పెళ్లికూతురు ముందు సీట్లో కూర్చుంది.